నిలువ నీడ కరువైన చోట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

యుద్ధం కావచ్చు, వరద కావచ్చు, ఇంట్లో మనిషి చెయ్యెత్తడం కావచ్చు. కట్టుబట్టలతో బయటపడ్డ ఆడవాళ్లకు, ఆడపిల్లలకు తోడుగా నిలబడుతున్న పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒకటిగా కలిపాం. పేర్లు, ఊళ్లు కావాలనే తీసేశాం.

ప్రశ్న: సహాయ శిబిరంలో వాలంటీరుగా చేస్తున్నాను. దుప్పట్లు పంచుతుంటే ఒకామె నన్ను పక్కకు పిలిచి, తన మీద అత్యాచారం జరిగిందని చెప్పింది. నాకు నోట మాట రాలేదు. ఇలాంటప్పుడు ఏం మాట్లాడాలండీ?

జవాబు: నోట మాట రాకపోవడం తప్పేమీ కాదు. కంగారులో ఏదో ఒకటి అనేయడం కన్నా అదే నయం.

ముందు చోటు మార్చండి. మీరిద్దరూ నలుగురికీ కనిపించాలి, మాటలు మాత్రం ఎవరికీ వినిపించకూడదు. గుడారంలోకి తీసుకెళ్లి తెర దించారంటే సాయంత్రానికల్లా శిబిరమంతా దాని గురించే చెప్పుకుంటుంది. ఆరుబయట, మనుషుల రాకపోకలకు కాస్త ఎడంగా పక్కపక్కన కూర్చోవడం మేలు. ఎదురెదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది.

ఆమె వివరాల్లోకి వెళ్లకముందే మీరెవరో, మీ చేతిలో ఏముందో, ఏది లేదో చెప్పేయండి. ముఖ్యంగా ఏ సంగతి మీ దగ్గరే ఉంచుకోగలరో, ఏది పైవాళ్లకు చెప్పి తీరాలో ముందే తెలియాలి. పిల్లల మీద జరిగిన నేరాన్ని తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలని చాలా దేశాల చట్టాలు చెబుతున్నాయి. అంతా విన్నాక "ఇది నేను దాచలేను" అంటే ఆమె మళ్లీ ఇంకెవరికీ నోరు విప్పదు.

తర్వాత వినండి. "చెప్పి మంచి పని చేశారు", "ఇందులో మీ తప్పేమీ లేదు", "ఇప్పుడు మీకు ముందుగా ఏం కావాలి?" ఈ మూడు మాటలు చాలు. ఆ వేళప్పుడు అటు ఎందుకు వెళ్లారు, కేకలు ఎందుకు వేయలేదు అని అడగకండి. భయంతో ఒళ్లు కొయ్యబారిపోవడం, గొంతు పెగలకపోవడం శరీరం చేసే పని, ఆమె ఒప్పుకోలు కాదు. రోజులు, వరసలు తడబడినా అబద్ధం అనుకోవద్దు. భయంలో పడిన జ్ఞాపకం ముక్కలుముక్కలుగానే ఉంటుంది. మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎప్పుడు జరిగింది? అదీ మందుల గడువు కోసం మాత్రమే.

"వాణ్ణి జైల్లో పెట్టిస్తాం", "ఏం కాదులే" లాంటి మాటలు వద్దు. అవి మీ చేతిలో లేవు. అడగకుండా భుజం మీద చెయ్యి కూడా వేయకండి. భాష తెలియకపోతే ఆమె పిల్లల్నో, భర్తనో, పక్క గుడారం వాళ్లనో దుబాసీగా పెట్టొద్దు.

ఆమె సరేనంటే ఆరోగ్య కేంద్రానికి మీరే వెంట వెళ్లండి. అడ్రసు రాసిన కాగితం చేతిలో పెట్టి పంపితే అది ఎవరి కంటైనా పడొచ్చు. పైగా అక్కడ మరో ముగ్గురికి ఆమె కథంతా మొదటి నుంచి చెప్పుకోవాల్సి వస్తుంది. ఆమె వద్దంటే గడువు సంగతి ఒక్కసారి స్పష్టంగా చెప్పి, మీరు ఎక్కడ ఉంటారో చెప్పి ఆగిపోండి. మళ్లీ మళ్లీ నచ్చజెప్పడం కూడా ఒత్తిడే.

ప్రశ్న: 72 గంటల్లో ఆసుపత్రికి వెళ్లాలంటారు. అది దాటితే ఇక లాభం లేదా? పోలీసు ఫిర్యాదు లేనిదే వైద్యం చేయరా?

జవాబు: 72 గంటల లెక్క హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులది. మిగతావాటికి వేరే గడువులున్నాయి. ఈ ఒక్క అంకె బుర్రలో ఉండిపోయి, నాలుగో రోజు వచ్చినవాళ్లను వెనక్కి పంపేసేవాళ్లు ఉన్నారు. అది పెద్ద పొరపాటు.

హెచ్ఐవీ మందులు 72 గంటల్లోపు, వీలైతే మొదటి కొన్ని గంటల్లోనే మొదలుపెట్టి 28 రోజులు ఆపకుండా వేసుకోవాలి. పరీక్ష ఫలితం కోసం మొదటి మోతాదు ఆపకూడదు. మొత్తం 28 రోజుల మందూ ఒకేసారి చేతికివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. చోటు మారుతూ బతికేవాళ్లు వారం తర్వాత మళ్లీ వస్తారని నమ్మకం ఏముంది? మధ్యలో మానేయడానికి ఒక కారణం వికారం. ఇంకోటి, మాత్రల సీసా ఇంట్లోవాళ్ల కంట పడుతుందనే భయం. సీసా కదిలిస్తే గలగలమంటుంది. మాత్రలు ఎక్కడ దాచుకుంటారో అడగండి. దాచే చోటు లేదంటే రోజూ కేంద్రానికే వచ్చి వేసుకునే ఏర్పాటు చేయించండి.

గర్భం రాకుండా ఇచ్చే మాత్రకు గడువు 120 గంటలు, అంటే 5 రోజులు. లెవోనార్‌జెస్ట్రెల్ అనే రకం అయితే 1.5 మిల్లీగ్రాములు ఒకే మోతాదు. ఎంత ముందు వేస్తే అంత బాగా పనిచేస్తుంది. మూడు రోజులు దాటితే యులిప్రిస్టాల్ అనే మరో రకం మాత్ర 30 మిల్లీగ్రాములు దానికన్నా మెరుగు. లెవోనార్‌జెస్ట్రెల్ వేసుకున్న 2 గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేయాలి. క్షయకు రిఫాంపిసిన్ గానీ, కొన్ని రకాల మూర్ఛ మందులు గానీ వాడుతున్నవాళ్లలో ఈ మాత్ర ప్రభావం తగ్గుతుంది కాబట్టి మోతాదు రెట్టింపు చేస్తారు. అవి హెచ్ఐవీ మందులతోనూ పేచీ పెట్టుకుంటాయి. అందుకే ఆమె వాడే మందులన్నీ నర్సుకు చెప్పాలి. అప్పటికే గర్భంతో ఉంటే ఈ మాత్ర ఆ గర్భానికి హాని చేయదు, దాన్ని పోగొట్టదు. రాగి లూప్ కూడా 5 రోజుల్లోపు వేయించుకోవచ్చు.

హెపటైటిస్ బి టీకా వీలైనంత త్వరగా, 14 రోజుల్లోపు మొదలుపెట్టాలి. సుఖవ్యాధుల మందులకు, గాయాల చికిత్సకు, ధనుర్వాతం టీకాకు, మనసుకు ఊరటనిచ్చే సాయానికి ఆలస్యమైందన్న మాటే లేదు. నెల తర్వాత వచ్చినా చేయాల్సింది చాలా ఉంటుంది.

ఇక ఫిర్యాదు సంగతి. వైద్యం వేరు, కేసు వేరు. కేసు పెట్టాలనే షరతుతో వైద్యం ఆపకూడదు. ముందు ముందు కేసు పెట్టాలనుకునే అవకాశం చెడగొట్టుకోకూడదంటే, పరీక్ష అయ్యేదాకా వీలైతే స్నానం చేయకుండా, బట్టలు ఉతక్కుండా ఉండాలి. ఆ బట్టలను ప్లాస్టిక్ కవర్లో కాదు, కాగితపు సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి, బూజొచ్చి ఆనవాళ్లు పాడవుతాయి. అప్పటికే స్నానం చేసేసి ఉంటే ఆ మాట ఎత్తి ఆమెను బాధపెట్టకండి, వైద్యానికి దానితో పనిలేదు. "కన్యత్వ పరీక్ష" అని ఎవరైనా అంటే అడ్డుకోండి. దానికి శాస్త్రీయంగా ఏ విలువా లేదని, దాన్ని మానేయాలని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం, మహిళా విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో ప్రకటించాయి.

ప్రశ్న: మా శిబిరం తెరిచి నెల దాటింది. ఇలాంటి కేసు ఒక్కటీ రాలేదు. అయినా ప్రత్యేక ఏర్పాట్లు చేయాలా?

జవాబు: చేయాలి. కేసులు రాలేదంటే చెప్పుకునే చోటు లేదనే అర్థం చేసుకోండి. లెక్కలు తేలేదాకా ఆగొద్దని, హింస జరుగుతోందనే అనుకుని పనిలోకి దిగాలని అంతర్జాతీయ సహాయ సంస్థల ఉమ్మడి మార్గదర్శకాలు 2015 కూర్పులో స్పష్టంగా చెప్పాయి. అత్యాచార బాధితులకు వైద్యం అందే ఏర్పాటు విపత్తు మొదలైన 48 గంటల్లోనే సిద్ధం కావాలన్నది లెక్క. "మీ మీద ఎవరైనా చెయ్యి చేసుకున్నారా?" అని గుడారం గుడారం తిరిగి సర్వే మాత్రం చేయకండి. వెనకాల సేవ ఏదీ లేకుండా ఆ ప్రశ్న వేస్తే, ఆమెకు ఒరిగేదేమీ లేకపోగా కొత్త ప్రమాదం నెత్తిన పడుతుంది.

ప్రశ్న: మరుగుదొడ్లు కట్టించాం, దీపాలు పెట్టించాం. అయినా చీకటి పడ్డాక ఆడవాళ్లు వెళ్లడం లేదు. ఎందుకు?

జవాబు: మీ ఉత్తరంతో పంపిన కొలతల్లో అసలు సంగతి దొరికింది. గోడలు పలుచటి ప్లాస్టిక్ పట్టా, దీపం లోపల. రాత్రి దీపం వెలిగితే లోపలి మనిషి నీడ, లేచినా కూర్చున్నా, పట్టా మీద తెరబొమ్మలా బయటికి కనిపిస్తుంది. పట్టా దళసరిదైనా కావాలి, దీపం తలుపు పైన బయటివైపైనా ఉండాలి. దారి చీకటిగా ఉండి దొడ్డి దగ్గర ఒక్కటే దీపం ఉంటే ఇంకో చిక్కు. వెలుగు ఉన్నచోటికి మగవాళ్లు చేరి కబుర్లు పెట్టుకుంటారు. దారి పొడవునా కాస్త కాస్త వెలుగు ఉండాలి. కూర్చోవడానికీ, ఫోను ఛార్జింగుకూ వేరే చోట ఇంకో దీపం పెట్టండి.

గడియ లోపలివైపు ఉందా? చిన్నపిల్ల చేతికి అందే ఎత్తులో ఉందా? ఆడవాళ్ల వరసకు, మగవాళ్ల వరసకు మధ్య ఎడం ఉండి, దారులు వేరుగా ఉండాలి. చదువు రానివాళ్లకూ తెలిసేలా బొమ్మ ఉండాలి. విపత్తు సహాయంలో అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ కనీస ప్రమాణాల ప్రకారం 20 మందికి ఒక దొడ్డి, ఇంటికి 50 మీటర్లకు మించని దూరం, మగవాళ్లకు 1 ఉంటే ఆడవాళ్లకు 3. నీళ్ల కుళాయి 500 మీటర్ల లోపు ఉండాలి, వరసలో 30 నిమిషాలకు మించి నిలబడే పని ఉండకూడదు. అంకెలు సరిపోయాయని సంబరపడేలోపు, పొద్దు గుంకే వేళ నలుగురు ఆడవాళ్లతో కలిసి ఆ దారంతా నడవండి. ఎక్కడ అడుగు వేగం పెరిగిందో అక్కడ లోపం ఉంది.

దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. రాత్రి వెళ్లే ధైర్యం లేక ఆడవాళ్లు మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తారు. ఉగ్గబట్టుకుంటారు. మూత్రంలో మంటతో ఆరోగ్య కేంద్రానికి వచ్చే ఆడవాళ్ల వరస పెరిగిందంటే, ముందు వెళ్లి దొడ్డి దీపం చూడండి.

ప్రశ్న: మా బంధువుల అమ్మాయిని భర్త కొడతాడు. ఈమధ్య పీక నులిమాడు. అయినా వదిలి రానంటోంది. ఏం చేయాలి?

జవాబు: ఉత్తరంలో "పీక నులిమాడు" అన్న మాట దగ్గరే మేం ఆగిపోయాం. చాలాసార్లు మెడ మీద మచ్చ కూడా కనిపించదు. కానీ గొంతు బొంగురుపోవడం, మింగుడు పడకపోవడం, ఊపిరి ఆడకపోవడం, తల తిరగడం, కళ్లలో ఎర్రటి చుక్కలు గంటల తర్వాతో, రోజుల తర్వాతో బయటపడొచ్చు. మెడ రక్తనాళం లోపల దెబ్బతిని ఉండొచ్చు. ఇలాంటివి ఏవైనా ఉంటే, లేదా ఆమె గర్భంతో ఉంటే, వెంటనే డాక్టరుకు చూపించాలి. "మెట్ల మీద పడ్డాను" అని కాక, పీక నులిమారని డాక్టరుకు చెప్పడం ముఖ్యం. చూడాల్సిన చోటు మారిపోతుంది కదా.

ప్రమాదం ఎంత దగ్గరగా ఉందో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్య కార్యకర్తలకు కొన్ని ప్రశ్నలు ఇచ్చింది. గత 6 నెలల్లో కొట్టడం ఎక్కువైందా? ఎప్పుడైనా ఆయుధం తీశాడా, దాంతో బెదిరించాడా? పీక నులిమాడా? నిన్ను చంపగలడని నీకు అనిపిస్తోందా? కడుపుతో ఉండగా కొట్టాడా? అదేపనిగా అనుమానంతో వేధిస్తాడా? మూడింటికి, అంతకన్నా ఎక్కువ వాటికి అవునంటే ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నట్టు. వీటిలో నాలుగోదాన్ని తేలిగ్గా తీసేయకండి. అతనేమిటో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

రానంటోందని విసుక్కోవద్దు. వదిలి వెళ్లే రోజు, వెళ్లిన తర్వాతి కొన్ని వారాలు అన్నిటికన్నా ప్రమాదమైన కాలం. ఆమె లెక్క ఆమెకు ఉంది. ఉంటూనే ప్రమాదం తగ్గించుకోవడానికీ ఓ పథకం కావాలి. గొడవ మొదలైతే వంటగదికీ, తలుపు ఒక్కటే ఉన్న గదికీ దూరంగా జరగాలి. నమ్మకమైన పక్కింటామెతో ఒక గుర్తు అనుకోవాలి: ఫలానా మాట ఫోన్లో అంటే మనుషుల్ని పంపాలి. గుర్తింపు కాగితాలు, పిల్లల పత్రాలు, కొద్దిగా డబ్బు, రోజూ వాడే మందులు సంచిలో పెట్టి ఇంట్లో కాక, నమ్మినవాళ్ల దగ్గర ఉంచాలి. ఇంట్లో సర్ది పెట్టిన సంచి అతని కంట పడిందంటే అదే గొడవకు నిప్పు. పిల్లలకు ఎవరింటికి పరుగెత్తాలో చెప్పాలి గానీ పథకమంతా చెప్పకూడదు, వాళ్ల నోట్లో మాట దాగదు.

ఫోను విషయంలో చాలామంది పొరపడతారు. సిమ్ మార్చినంత మాత్రాన సరిపోదు. లొకేషన్ షేరింగ్, భార్యాభర్తలు ఇద్దరూ వాడే ఈమెయిల్ ఖాతా, ఫోటోలు దానంతటదే దాచే ఏర్పాటు, ఇవన్నీ పాత ఫోనుతోపాటే వస్తాయి. అలాగని ఉన్నట్టుండి అన్నీ ఆపేస్తే అతనికి అనుమానం వస్తుంది. వెళ్లడానికి సంబంధించిన మాటలన్నీ అతనికి తెలియని వేరే ఫోన్ నుంచి మాట్లాడి, పాతదాన్ని ఎప్పటిలాగే వాడటం మేలు.

పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి రాజీ చేయిస్తామని రాశారు. దయచేసి వద్దు. అతని ఎదుట ఆమె నిజం చెప్పలేదు. చెబితే ఆ రాత్రి ఇంట్లో అతనితో ఉండాల్సింది ఆమే.

ప్రశ్న: ఆడవాళ్లకు ఇచ్చే సంచిలో ఏమేం ఉండాలి?

జవాబు: సంచి నింపేముందు వాళ్లనే అడగండి. నాప్‌కిన్లా, ఉతికి వాడే గుడ్డలా అన్నది నీళ్లను బట్టి, ఆరేసుకునే చోటును బట్టి ఉంటుంది. ఎవరి కంటా పడకుండా ఎండలో ఆరేసే చోటు లేకపోతే గుడ్డలు చెమ్మతోనే వాడి జబ్బు తెచ్చుకుంటారు. లోదుస్తులు మరిచిపోయి నాప్‌కిన్లు పంచేవాళ్లు బోలెడు మంది. అవి లేకుండా ఇవి నిలవవు. సబ్బు, టార్చి, విజిల్, తాడు, క్లిప్పులు, మూత ఉన్న చిన్న బకెట్టు ఉండాలి. విజిల్ ఇస్తే అది మోగినప్పుడు ఎవరు పరుగెత్తుకు రావాలో కూడా తేల్చండి. ఎవరూ రాకపోతే అది పిల్లల ఆటవస్తువే.

ప్రశ్న: సరుకుల చీటీ కావాలంటే తనతో 'స్నేహంగా' ఉండమని పంపిణీ చేసే అతను ఒక అమ్మాయిని అడుగుతున్నాడట. అమ్మాయికి ఇష్టమే అని అతని మాట.

జవాబు: ఇందులో ఇష్టం అన్న మాటే చెల్లదు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి 2003లో ఇచ్చిన నిబంధనల ప్రకారం డబ్బు, ఉద్యోగం, సరుకు, సాయం ఏదైనా ఎరగా చూపి లైంగిక సంబంధం అడగడం నిషిద్ధం. 18 ఏళ్లలోపు వారితో అసలే కూడదు, "వయసు తెలియదు" అన్నది సాకుగా పనికిరాదు. సహాయ సంస్థలన్నీ ఇదే సూత్రం పాటించాలి. మీకు అనుమానం వచ్చిందంటే చాలు, రుజువులు వెతుక్కుంటూ కూర్చోకుండా, అతణ్ణి నిలదీయకుండా, సంస్థలో ఫిర్యాదులు తీసుకునే వారికి చెప్పండి. మీరే దర్యాప్తు మొదలుపెడితే అతను జాగ్రత్తపడతాడు, అమ్మాయి మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆమె సరుకులు ఆగకుండా చూడటం ఆ రోజే జరగాల్సిన పని.

పంపిణీ పద్ధతీ మార్చాలి. ఎవరికి ఎంత రావాలో, అదంతా ఉచితమని పెద్ద అక్షరాలతో, బొమ్మలతో బోర్డు పెట్టించండి. చీటీ ఇచ్చేవాడు ఒకడే అయితే, వాడి చేతిలోనే అధికారమంతా ఉంటుంది. ఇద్దరిని పెట్టండి, ఒకరు ఆడమనిషి కావాలి. ఒంటరి ఆడవాళ్లకూ, భర్త నుంచి విడిపోయినవాళ్లకూ సొంత పేరు మీద చీటీ ఉండాలి.

ప్రశ్న: శిబిరంలో 14 ఏళ్ల అమ్మాయికి పెళ్లి చేసేస్తున్నారు. తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కారు. ఎలా ఆపాలి?

జవాబు: చెడ్డవాళ్లు కారు కాబట్టే కారణం అడిగితే చెబుతారు. తిండికి ఒక నోరు తగ్గుతుందనా, రాత్రిళ్లు గుడారంలో పిల్లకు కాపలా కాయలేకనా, బడి దూరమనా? మొదటిదైతే సాయం పెంచే దారి, రెండోదైతే గుడారం చోటు మార్పించే దారి వెతకండి. చిన్న వయసు కాన్పులో ప్రాణగండం ఎంతో ఆరోగ్య కార్యకర్త చేత చెప్పించండి. 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల మరణాలకు ప్రపంచమంతటా ఉన్న ముఖ్య కారణాల్లో గర్భం, కాన్పు సమయపు చిక్కులు ఒకటి. అమ్మాయితో విడిగా మాట్లాడి, బాలల సంరక్షణ చూసేవాళ్లకు తెలియజేయండి. నలుగురిలో కేకలేసి ఆపించామనుకుంటే, ముహూర్తం రాత్రికి రాత్రే పక్క చోటికి మారుతుంది.

ప్రశ్న: విరాళాలిచ్చేవాళ్లు ఆడవాళ్ల కథలు, ఫోటోలు అడుగుతున్నారు. ముఖం మసకబారిస్తే చాలా?

జవాబు: చాలదు. కట్టుకున్న బట్ట, గుడారం నంబరు, వెనకాల కనిపించే చెట్టు, ఫోటోలో దాగి ఉండే లొకేషన్, వీటిలో ఏదో ఒకటి పట్టిస్తుంది. ఒప్పుకుందంటారా, దుప్పటి కోసం వరసలో నిలబడ్డ మనిషి ఒప్పుకోలుకు విలువెంత? సేవ గురించి రాయండి, మనుషుల గురించి వద్దు.

మీ రిజిస్టరు సంగతి కూడా చూసుకోండి. కేసు కాగితం మీద పేరు కాక సంకేత సంఖ్య ఉండాలి. ఏ సంఖ్య ఎవరిదో తెలిపే జాబితా వేరే పెట్టెలో, వేరే తాళంతో. శిబిరం ఉన్నపళాన ఖాళీ చేయాల్సి వస్తే ఆ కాగితాలు ఎవరు తీసుకెళ్లాలి, కుదరకపోతే ఎవరు తగలబెట్టాలి అన్నది ముందే తేల్చుకోవాలి. ఇంకో మాట. "హింస బాధితుల కేంద్రం" అని బోర్డు పెట్టిన గుడారంలోకి ఎవరు అడుగు పెడతారు? కుట్టుపని, చదువు, పసిపిల్లల తల్లులకు సలహాలు అన్నీ జరిగే ఆడవాళ్ల చోటులోనే కౌన్సెలర్‌ను కూర్చోబెట్టండి.

ప్రశ్న: మా దగ్గరున్న ఒకామెకు పది రోజులుగా నిద్ర లేదు. చప్పుడైతే ఉలిక్కిపడుతుంది. నిద్ర మాత్రలు ఇప్పించమంటారా? అందరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పించేస్తే బరువు దిగుతుందని ఒకరన్నారు.

జవాబు: రెండూ వద్దు. జరిగిందంతా పట్టుబట్టి చెప్పించడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొదటి నెలలో ఇలాంటి లక్షణాలకు డయజెపాం లాంటి మత్తు మాత్రలు వాడొద్దనీ అవే చెబుతున్నాయి. చాలామందిలో ఈ ఉలికిపాటు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. అందాకా ఆమె పడుకునే చోటు చూడండి. తలుపు కనిపించేలా, గోడకు ఆనుకుని, నమ్మిన మనిషి పక్కన పడుకుంటే కాస్త కునుకు పడుతుంది. రోజుకో చిన్న పని, తినే వేళ, పడుకునే వేళ ఒకేలా ఉంచండి.

చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే, తిండి మానేస్తే, పిల్లల్ని పట్టించుకోకపోతే, నెల దాటినా రోజువారీ పని చేసుకోలేకపోతే మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లాలి. చచ్చిపోవాలన్న మాట వచ్చిన రోజున ఆమెను ఒంటరిగా వదలకండి. మందులు, పురుగుల మందు, పదునైన వస్తువులు ఆ గుడారంలోంచి తీయించేయండి. పగలు ఎవరు, రాత్రి ఎవరు ఆమె దగ్గర ఉంటారో పేర్లతో సహా అనుకోండి.